నీతిగా కుట్టిన జీన్స్

లిఫ్టులు బాగుచేసే మేస్త్రీ జీన్స్ ప్యాంటు ఒక సోమవారం పొద్దున నలుగురి ఎదుట చిరిగింది. మోకాలి దగ్గర నాలుగు పీలికలు లేచి, కుర్రకారు మెచ్చుకునేలా చిరగడం కాదు. వెనక నడిమధ్య కుట్టు పైనుంచి కిందిదాకా పెద్ద శబ్దం చేసి మరీ విడిపోయింది.

ఆ సమయానికి అతను ఒక అపార్ట్‌మెంటు లిఫ్టు గుంతలోంచి బయటికి ఎక్కుతూ, ఒక కాలు గట్టుమీద, ఇంకో కాలు లోపల పెట్టి మధ్యలో ఉన్నాడు. లిఫ్టు ఎప్పుడు నడుస్తుందా అని సంచులతో, చంటిపిల్లలతో నిలబడ్డ జనమంతా ఒక్కసారిగా గోడకు అంటించిన నోటీసులు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టారు. అంత మర్యాదస్తులు. మేస్త్రీ పనిముట్ల సంచి వెనక్కి తిప్పుకుని, గోడకు వీపు ఆనించి, పీతలా పక్కకి జరుగుతూ స్కూటరు దాకా వెళ్ళాడు.

ఆ చిరగడంలో అతని వాటా లేదని చెప్పలేం. పెళ్ళినాడు ఉన్న నడుము ఏటేటా కొద్దికొద్దిగా విస్తరిస్తూ వచ్చింది. ప్యాంటు కొలత మాత్రం అతను మొండిగా పాతదే చెప్పేవాడు. దానికి తోడు పనేమో వంగేది, పాకేది, గొంతుక్కూర్చునేది. అతని కంపెనీ వీపు మీద పేరు అచ్చేసిన చొక్కా ఇస్తుంది కానీ ప్యాంటు ఇవ్వదు. జీన్సే వేసుకోవాలి, ముదురు రంగుదే వేసుకోవాలి అని రూలు మాత్రం ఇచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి భార్య, కూతురు ఇద్దరూ ఉన్నారు. భార్య కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది, ఆ రోజు ఆవిడకి సెలవు. కూతురు కాలేజీలో చదువుతుంది. చదువు కాక, 'బట్టల వెనక మనుషులు' అనే ఒక బృందంలో చేరింది. మనం తొడుక్కునే బట్టలు ఎవరు కుట్టారు, వాళ్ళకి ఏం ముట్టింది అని ఆరా తీయడం వాళ్ళ పని. చేరిన వారంలోనే ఇంట్లో బీరువా మొత్తం మంచం మీద పరిచి, ఇంటిల్లిపాదీ నేరస్తులని తేల్చేసింది.

చిరిగిన ప్యాంటు చూసి భార్య సూదీ దారం వెతకబోయింది. కూతురు లోపలి లేబుల్ వెతికింది.

"నాన్నా, ఈసారి ఎక్కడ పడితే అక్కడ కొనకు. దీన్ని కుట్టినవాళ్ళు ఎవరో నీకు తెలుసా?"

"తెలీదమ్మా. చిరిగిన తీరు చూస్తే వాళ్ళకి నా మీద కోపం ఉన్నట్టుంది."

"ఉండదా మరి? సరైన జీతం ఇవ్వరు. దాహమేస్తే లేవనివ్వరు. నువ్వు వాళ్ళ కష్టాన్ని తొడుక్కుని తిరుగుతున్నావు."

"నీతి సంగతి తర్వాత" అంది భార్య నోట్లో దారం పెట్టుకుని. "ముందు వంగితే విచ్చుకోనిది చూసుకోండి. చవగ్గా కూడా ఉండాలి, దాని ఫీజు కట్టే నెల ఇది."

మేస్త్రీ మెత్తటి మనిషి. ఇద్దరి మాటా కాదనలేడు. నడుముకి సుఖంగా, జేబుకి తేలిగ్గా, కూతురి మొహంలోకి నేరుగా చూడగలిగేట్టు ఉండే జీన్స్ కోసం ఆ సాయంత్రమే బయల్దేరాడు. లోకంలో ఇన్ని కాళ్ళున్నాయి, ఇన్ని ప్యాంట్లున్నాయి, ఇదేమంత పని అనుకున్నాడు పాపం.

కూతురు చెప్పిన షాపుకి బోర్డు లేదు. లోపలికి వెళ్తే డబ్బున్నవాళ్ళ ఆసుపత్రిలా చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. గోడ పొడుగునా కొయ్య కొక్కేలకి జీన్స్ ప్యాంట్లు, ఒకదానికొకటి తగలకుండా, పెద్దమనుషుల్లా ఎడంగా వేలాడుతున్నాయి. గడ్డానికి నూనె రాసి దువ్విన కుర్రాడొకడు వచ్చి చేతులు కట్టుకున్నాడు.

"ఈ ప్యాంటుకి ఒక కథ ఉంది సార్."

"నాకు నడుము దగ్గర కాస్త వదులుండాలి బాబూ."

కుర్రాడు కథే చెప్పాడు. ఆ పత్తికి మందు కొట్టలేదట. రంగుకి నీళ్ళు పెద్దగా వాడలేదట. కుట్టే ఆడవాళ్ళు కూనిరాగాలు తీస్తూ కుడతారట. ప్యాంటుకి వేలాడుతున్న మందపాటి కార్డు తిప్పి చూపించాడు. దానిమీద ఒకావిడ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది.

"ఇది కుట్టింది ఈవిడే సార్."

మేస్త్రీ పక్క ప్యాంటు కార్డు తిప్పాడు. అక్కడా ఆవిడే. ఆ పక్కదీ చూశాడు. ఆవిడే.

"అన్నీ ఈవిడే కుట్టిందా?"

"ఆ స్ఫూర్తితో కుట్టినవి సార్" అని కుర్రాడు కంగారు పడకుండా చెప్పి, ట్రయల్ రూము తలుపు తీశాడు.

లోపల మేస్త్రీ ప్యాంటుతో చాలాసేపు పోరాడాడు. తొడల దాకా సులువుగానే వచ్చింది, ఆ తర్వాత ఒక్కో అంగుళానికీ ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. గుండీ పెట్టాక గొంతు సన్నబడింది.

"బిగుసుకుపోయింది బాబూ" అన్నాడు తలుపు సందులోంచి.

"మొదట్లో అలాగే ఉంటుంది సార్. ఈ బట్ట మనిషికి అలవాటు పడాలి. రోజూ ఒంటి వేడి తగలాలి. కూర్చోవాలి, లేవాలి, కదలాలి. ఒక ఆరు నెలలు వదలకుండా వాడితే మీ ఒళ్ళు దానికి అర్థమవుతుంది. మధ్యలో ఆపేస్తే మళ్ళీ బిగుసుకుపోతుంది. అప్పటిదాకా ఉతక్కూడదు."

"నేను గ్రీజులో పనిచేస్తాను."

"గ్రీజు కూడా మీ కథే కదా సార్."

మేస్త్రీ కార్డు మీద వెల చూశాడు. అది చూశాక, ఆవిడ అంతలా ఎందుకు నవ్వుతోందో అర్థమైంది. ఇంకో రోజు వస్తానని చెప్పి, పాత ప్యాంటులోకి మారి, బయటికి వచ్చి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

మర్నాడు చవక బజారుకి వెళ్ళాడు. అక్కడ కథలూ కార్డులూ లేవు. జీన్స్ కుప్పలుగా పోసి ఉన్నాయి, ఒకటి కొంటే ఇంకోటి ఊరికే. చెయ్యిపెట్టి లాగిన మూడో ప్యాంటే అచ్చంగా అతని కోసం కుట్టినట్టు సరిపోయింది. సంతోషంతో బిల్లు దగ్గర నిలబడి, లేబుల్ ఫొటో తీసి కూతురికి పంపించాడు. కూతురు ఒక ఏడుపు బొమ్మ పెట్టి, దాని వెనకాల చిన్నసైజు వ్యాసం పంపింది. ఆ వ్యాసంలో ఒక ఫ్యాక్టరీ తలుపుకి బయటినుంచి తాళం వేసిన సంగతి దాకా చదివాడు. మిగతాది చదవలేకపోయాడు. రెండు ప్యాంట్లూ దొంగసొత్తు పట్టుకున్నవాడిలా కుప్పమీద మెల్లగా పెట్టేసి వచ్చాడు.

ఆ ఆదివారం కూతురే చెయ్యి పట్టుకుని వాడిన బట్టల దుకాణానికి తీసుకెళ్ళింది. ఒకరు వదిలేసింది ఇంకొకరు తొడుక్కుంటే కొత్త పాపం ఉండదని ఆ పిల్ల లెక్క. లెక్క బాగానే ఉంది కానీ, అక్కడున్నవన్నీ సన్నటివాళ్ళ ప్యాంట్లే. సరదా తీరి మనసు మార్చుకునేది సన్నటివాళ్ళే కాబోలు. పొట్టున్నవాళ్ళు తమకి పట్టిన ప్యాంటుని చిరిగేదాకా వదలరు.

ఇలా తిరగడంలోనే రోజులు దొర్లిపోయాయి. భార్య వెనక మందపాటి అతుకు వేసి ఇచ్చిన పాత ప్యాంటుతోనే పనికి వెళ్తున్నాడు. వంగేముందు ఒకసారి వెనక్కి చూసుకోవడం అలవాటైపోయింది. తోటి మెకానిక్కులు అది చూసి, ఎవరైనా తరుముతున్నారా మేస్త్రీ అని ఆట పట్టించేవాళ్ళు.

అటువంటి రోజుల్లో ఒక పాత ఎత్తయిన భవనం నుంచి పిలుపు వచ్చింది. లిఫ్టు చచ్చి చాలాకాలమైందట, వారం తిరక్కుండా బతికించాలట. మేస్త్రీ పనిముట్లు భుజాన వేసుకుని మెట్లెక్కాడు. సగం ఎక్కేసరికి అతనికే ఆయాసం వచ్చింది. మలుపు దగ్గర రెయిలింగు పట్టుకుని ఒకావిడ ఆగి ఉంది. వయసులో అతనికంటే పెద్దది, మెడలో కొలత టేపు, జాకెట్టు చేతికి గుచ్చిన సూదులు. పై అంతస్తులో కుట్టు మిషన్ల వరస ఒకటి ఆవిడ చూస్తుంది. అందరూ ఆవిడని లైనక్క అంటారు.

"ఎప్పుడు ఆగిపోయిందక్కా ఇది?"

"ఆగిపోలేదు తమ్ముడూ, ఆపేశారు. మనుషులెక్కితే కరెంటు ఎక్కువవుతుందని సరుక్కి మాత్రమే అన్నారు. తర్వాత సరుకు కూడా మా చేతే మోయించారు. అప్పుడది అలిగి పడుకుంది."

"మరి ఇప్పుడెందుకు గుర్తొచ్చింది?"

"తనిఖీ ఉంది. జీన్సు కంపెనీవాళ్ళు వస్తున్నారు, మేం సుఖంగా ఉన్నామో లేదో చూడ్డానికి."

పైకి వెళ్ళాక మేస్త్రీకి సంగతి బోధపడింది. హాలంతా నీలం రంగు దుమ్ము. వరసలు వరసలుగా మిషన్లు, వాటి ముందు వెన్నులు వంచి ఆడవాళ్ళు. ఏ నోటా కూనిరాగం లేదు. ఒకవేళ తీసినా ఆ మోతలో వినపడదు. చివరి బల్ల మీద అవే ప్యాంట్లు రెండు కుప్పలవుతున్నాయి. ఒక కుప్పకి నవ్వే ఆవిడ కార్డు కడుతున్నారు. రెండో కుప్పకి చవక బజారు ప్లాస్టిక్ చీటీ కడుతున్నారు.

"ఈవిడెవరక్కా?" అని కార్డు చూపించి అడిగాడు.

"ఏమో. మా దగ్గరెప్పుడూ పనిచెయ్యలేదు. పళ్ళు బావున్నాయి" అంది లైనక్క.

ఫ్యాక్టరీ యజమాని సాగే ట్రాక్ ప్యాంటులో హాయిగా తిరుగుతున్నాడు. తనిఖీకి ఏర్పాట్లు చురుగ్గా సాగుతున్నాయి. మంచినీళ్ళ మిషను వచ్చింది. కుర్చీలకి మెత్తలొచ్చాయి. పూలకుండీలు వచ్చాయి, అవి అద్దెకి. మేస్త్రీ తాళ్ళు మార్చి, బ్రేకులు బిగించి, తలుపుల పట్టాలకి తుప్పు గీకుతుంటే, యజమాని హాలు మధ్యన నిలబడి ఆడవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడం వినపడింది.

"రేపు అందరూ నీళ్ళు తాగాలి. దాహం లేకపోయినా తాగాలి. అందరూ లిఫ్టులోనే రావాలి. ఎవరైనా మెట్లెక్కుతూ కనపడితే జీతం కోస్తాను."

తనిఖీకి వచ్చినతను బక్కపలచటి మనిషి. కంపెనీ జీన్సే వేసుకున్నాడు, కొత్త అట్టముక్కలా నిటారుగా ఉంది. లిఫ్టు సంగతి అడిగితే జవాబు చెప్పడానికని మేస్త్రీని కూడా లోపలికి ఎక్కించారు. యజమానికి ఫోను వచ్చి కిందే ఆగిపోయాడు. తలుపులు మూసుకున్నాయి, లిఫ్టు మెత్తగా లేచింది. రెండు అంతస్తుల నడుమ ఉండగా భవనంలో కరెంటు పోయింది.

"భయపడకండి సార్, తాళ్ళు కొత్తవి, బ్రేకు పట్టేసింది" అన్నాడు మేస్త్రీ టార్చి వెలిగించి. "కరెంటు వచ్చేదాకా కదలదు, అంతే. కూర్చోండి."

"పర్లేదు, నిలబడతాను."

మేస్త్రీ గోడకు ఆనుకుని కింద చతికిలబడ్డాడు. లోపల ఉక్కపోత పెరిగింది. తనిఖీ మనిషి జీన్స్ ఉతికి చాలాకాలమైందన్న సంగతి ఆ ఇరుకులో దాగలేదు. అతను ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ చెమటలు కక్కుతున్నాడు.

"కూర్చోండి సార్, మొహమాటమెందుకు."

"కూర్చుంటే లేవలేను" అన్నాడు అతను చివరికి, నేరం ఒప్పుకుంటున్నవాడిలా. "నాలుగు నెలలైంది, ఇంకా అలవాటు పడలేదు."

"గుండీ తీసేయండి. నేను అటు తిరుగుతాను."

గుండీ ఊడిన చప్పుడు, దాని వెంట ఒక పెద్ద నిట్టూర్పు వినపడ్డాయి. ఆ తర్వాత అతను నెమ్మదిగా గోడ వెంబడి జారి కూర్చున్నాడు. నడుముతో పాటు నోరు కూడా వదులైంది.

"ఎన్ని ఫ్యాక్టరీలు తిరిగానో చెప్పలేను. అన్నిచోట్లా కుండీలు కొత్తవే ఉంటాయి."

"మరి ఆ మాట రాయరా సార్?"

"మొక్కలు పచ్చగా ఉన్నాయని రాస్తాను. ఉన్నాయి కదా. నేను రానప్పుడు ఎలా ఉంటుందో రాయమని నన్నెవరూ అడగరు." చేతిలోని ఫైలు ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. "నిన్న వీళ్ళు లిఫ్టులో వచ్చారా?"

"నిన్న మధ్యాహ్నం దాకా తాళ్ళే లేవు సార్."

అతను తలూపాడు. ఇంతలో కరెంటు వచ్చింది. పైన తలుపు తెరుచుకునేసరికి ఆ పెద్దమనిషి ఫైలు పొట్టకి అడ్డంపెట్టుకుని బయటికి నడిచాడు. గుండీ మళ్ళీ పడలేదు. తనిఖీ అయిపోయేదాకా ఫైలు అక్కడే ఉంది, అందుకని అందులో పెద్దగా రాయడం కూడా కుదరలేదు. మొక్కలు బావున్నాయని, లిఫ్టు పనిచేస్తోందని చెప్పి సెలవు తీసుకున్నాడు.

కారు మలుపు తిరిగిందో లేదో యజమాని మేస్త్రీని పిలిచాడు.

"లిఫ్టుకి తాళం బిగించెయ్. తాళంచెవి నా దగ్గరుండాలి. సరుక్కి కావాలన్నప్పుడు నేనే తీస్తాను."

మేస్త్రీ లిఫ్టుల విషయంలో ఎన్నడూ అబద్ధమాడి ఎరగడు. బాగున్నదాన్ని బాలేదని, బాలేనిదాన్ని బాగుందని చెప్పిన పాపాన పోలేదు. కానీ ఆ పూట మెట్ల మలుపులో రెయిలింగు పట్టుకుని ఆగిన మనిషి కళ్ళ ముందు కనపడింది. ఇంకో పక్క, నూనె గడ్డం కుర్రాడి మాటలు వద్దన్నా నాలిక మీదికి వచ్చేశాయి.

"పెట్టమంటే పెడతాను సార్. కాకపోతే కొత్త తాళ్ళు, మొదట్లో ఇవి మనిషికి అలవాటు పడాలి."

"మనిషికా? సరుకు ఎక్కిస్తాంగా."

"సరుకు బరువే కానీ కదలదు. మనిషైతే ఎక్కుతాడు, దిగుతాడు, కాలు మార్చుకుని నిలబడతాడు. ఒంటి వేడి తగలాలి. ఆరు నెలలు వదలకుండా, నిండుగా మనుషులతో నడవాలి. మధ్యలో ఆపేస్తే బిగుసుకుపోతుంది."

"బిగుసుకుపోతే?"

"తాళ్ళూ, బ్రేకులూ, మోటారూ అన్నీ కొత్తవి వేయాలి."

అందులో ఒక్క ముక్క నిజం లేదు. కానీ యజమాని మొహంలో నెత్తురు చుక్క లేదు. హాల్లోకి వెళ్ళి, ఇకనుంచి అందరూ లిఫ్టులోనే రావాలని, తప్పించుకుని మెట్లెక్కితే ఊరుకోనని గట్టిగా చెప్పాడు. తను మాత్రం తనిఖీ మనిషి ఇరుక్కున్న సంగతి విన్నాక ఆ లిఫ్టులో కాలు పెట్టలేదు.

మేస్త్రీ సామాను సర్దుకుంటుంటే లైనక్క వచ్చి పక్కన నిలబడింది. అతని వెనక అతుకు కేసి పరీక్షగా చూసింది.

"వేడి తగలాలా తాళ్ళకి?" అంది.

మేస్త్రీ సంచి జిప్పు లాగాడు. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక ముదురునీలం జీన్స్ తెచ్చి ఇచ్చింది. కుట్టు తప్పినవాటిని పనివాళ్ళు తక్కువ ధరకి కొనుక్కోవచ్చట, తన వాటా కింద ఇప్పిస్తానంది. సామాను గదిలోకి వెళ్ళి వేసుకుంటే నడుము దగ్గర వెడల్పాటి మెత్తటి పట్టీ పొట్టని తల్లిలా పొదివి పట్టుకుంది. మేస్త్రీ వంగాడు. గొంతుక్కూర్చున్నాడు. ఒక కాలు బల్లమీద పెట్టి చూశాడు. ఎక్కడా ఏ కుట్టూ నోరెత్తలేదు.

"బ్రహ్మాండంగా ఉందక్కా" అన్నాడు బయటికి వచ్చి. "కానీ ఇది ఎలా కుట్టారో మా అమ్మాయి అడుగుతుంది. ఏం చెప్పను?"

లైనక్క ఒక్కో వేలూ మడుస్తూ చెప్పింది.

"ఇవాళ పొద్దున కుట్టింది ఇది. ఇవాళ మేం లిఫ్టులో వచ్చాం. కుర్చీలకి మెత్తలున్నాయి. నీళ్ళు కావలసినన్ని తాగాం, వద్దన్నా తాగించారు. మేనేజరు 'అమ్మా' అని పిలిచాడు. అలా పిలిచేసరికే మా పిల్లకి చెయ్యి వణికి వెనక జేబు వంకరపోయింది. ఇవాళ్టిదైతే నీతిగా కుట్టిందే తమ్ముడూ. నిన్నటివాటి గురించి మాత్రం అడక్కు."

ఇంట్లో భార్య తలుపు తీసి, కిందినుంచి పైదాకా చూసి, నడుము దగ్గర ఆగింది.

"ఎన్నో నెల?" అంది.

మేస్త్రీకి అర్థం కాలేదు. ఆవిడ గోడ పట్టుకుని నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని, లోపలి లేబుల్ చదివి వినిపించింది. అది కడుపుతో ఉన్నవాళ్ళ కోసం కుట్టిన జీన్స్. అతను ఒక నిమిషం సిగ్గుపడ్డాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, కాళ్ళు బారచాపి, ఈ సుఖం మగవాళ్ళకి తెలీకుండా ఇన్నాళ్ళు ఎవరు దాచారో అనుకున్నాడు.

కూతురు ఊరికే ఒప్పుకోలేదు. "ఒక్కరోజు నీతి నీతే కాదు నాన్నా" అని, మరీ తోసిపుచ్చలేక తన బృందం ముందు పెట్టింది. ఒక్కరోజు మంచిగా చూసి కుట్టించిన బట్ట ఏ లెక్కలోకి వస్తుందో తేల్చడానికి వాళ్ళు రెండు వర్గాలుగా చీలిపోయారు. ఒక వర్గం ఇంకో వర్గం చొక్కాల లేబుళ్ళు అడిగేదాకా వచ్చింది వ్యవహారం. అది తేలలేదు. ఆ పిల్లకి మాత్రం అప్పటినుంచి కార్డుల మీద బొమ్మలంటే విసుగొచ్చింది, ఆ ఫ్యాక్టరీవాళ్ళని నేనే అడుగుతానంటూ తిరుగుతోంది. మేస్త్రీ చొక్కా పైకి వదులుకుని నిశ్చింతగా పనికి వెళ్తున్నాడు. కంపెనీలో పొట్టున్న ఇంకో మెకానిక్కు ఒకరోజు అతన్ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, ఎక్కడ కొన్నావన్నా అని అడిగాడు.

కొన్నాళ్ళకి గ్రీజు పెట్టడానికి మేస్త్రీ మళ్ళీ ఆ భవనానికి వెళ్ళాడు. మెత్తలు ఉన్నాయి. కుండీలు లేవు. లిఫ్టు ముందు ఆడవాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు, అందులో లైనక్క కూడా ఉంది.

"బాగా నడుస్తోందా అక్కా?"

"అది బాగానే నడుస్తోంది. మెట్లెక్కే శ్రమ తప్పింది కదా, ఇక టీకి లేవడమెందుకని ఆయన సాయంత్రం టీ తీసేశాడు."

మేస్త్రీ చేతిలో గ్రీజు డబ్బా బరువెక్కింది. తను చేసిన మంచి ఇలా తిరుగుతుందని అతను ఊహించలేదు.

"మళ్ళీ చెడగొట్టెయ్యనా?"

లైనక్క నిజంగానే ఆలోచించింది. "వద్దులే. మోకాళ్ళు కాస్త తేరుకున్నాయి. ఆయన భయానికి ఇందులో ఎక్కడు, మేనేజరూ ఎక్కడు. హాల్లో మాట్లాడుకుంటే చూస్తారు, గేటు దగ్గర నిలబడితే చూస్తారు. ఇందులో మేం తప్ప ఎవరుంటారు? టీ సంగతి ఇందులోనే ఒక కొలిక్కి వస్తోంది. కాకపోతే మాట అందుకునేసరికి పై అంతస్తు వచ్చేస్తోంది."

తలుపులు తెరుచుకున్నాయి. ఆడవాళ్ళంతా భుజాలు ఒరుసుకుంటూ ఎక్కారు, లైనక్క అందరికంటే చివర ఎక్కింది. తలుపులు ఇంకా పూర్తిగా మూసుకోకముందే నలుగురైదుగురు ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. మేస్త్రీ మెట్లెక్కి మోటారు గదికి చేరి, మోటారుకి గ్రీజు పెట్టి, బ్రేకు చూసి, పెట్టె సర్దుకోబోయి ఆగాడు. మళ్ళీ కంట్రోలు డబ్బా మూత తీసి, లిఫ్టు వేగం బాగా తగ్గించి, మూత బిగించాడు.